విశాఖ కొండల మీద జనం లేని వ్యూపాయింట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ప్రశాంతంగా కూర్చుని సముద్రం చూసే చోట్లు ఇంకా మిగిలాయా?

ఉన్నాయి. ఎవరికీ తెలియని కొండ కోసం వెతికితే మాత్రం దొరకదు. ఊరి చుట్టుపక్కల సముద్రం కనిపించే ప్రతి ఎత్తూ ఎవరో ఒకరి చేతిలో ఉంది: విఎంఆర్‌డిఎ (నగరాభివృద్ధి సంస్థ), నేవీ, పోర్టు, దేవస్థానం, అటవీశాఖ, పురావస్తు శాఖ. కాబట్టి ముందు తేల్చుకోవలసిన సంగతి "ఈ కొండ ఎవరిది?" గేటు ఎప్పుడు తీస్తారు, ఫోటో తీయనిస్తారా, చీకటి పడ్డాక ఉండనిస్తారా అన్నవన్నీ దాన్నిబట్టే తేలతాయి. ఆ తర్వాత చూసుకోవలసినవి రెండే. ఏ పూట వెళ్తున్నాం, కొండకు ఏ వైపున నిలబడుతున్నాం. కైలాసగిరిలో కూడా మంగళవారం పొద్దున్న ఆరున్నరకు మనుషుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆదివారం సాయంత్రం అదే చోట నిలబడటానికి జాగా ఉండదు.

సూర్యోదయం చూడాలంటే ఎన్నింటికి అక్కడ ఉండాలి?

విశాఖ భారత ప్రామాణిక కాల రేఖకు కాస్త తూర్పున ఉంది. అందుకే హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు ఆ ఊరి లెక్కతో లేస్తే సూర్యుడు అప్పటికే పైకి వచ్చేసి ఉంటాడు. మే చివర, జూన్ మొదట్లో 5.20 ప్రాంతంలో ఉదయిస్తుంది. జనవరి మధ్యలో 6.30 అవుతుంది. రంగులు బాగుండేది సూర్యోదయానికి ముందు 20–25 నిమిషాలు. ఆ పైన ఎక్కే సమయం, బండి పెట్టే సమయం కలుపుకోండి. వేసవిలో అయితే ఇంట్లోంచి నాలుగున్నరకల్లా బయలుదేరాల్సిందే.

ఇక్కడి తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. సముద్రం నేరుగా తూర్పున కాక ఆగ్నేయంగా ఉంటుంది. అందువల్ల సూర్యుడు ఏడాది పొడుగునా నీళ్లలోంచే వస్తాడు గానీ చోటు మారుతుంటుంది. జూన్‌లో ఎడమకు బాగా జరిగి భీమిలి వైపు తీరానికి దగ్గరగా లేస్తాడు. డిసెంబరులో నడిసముద్రం వైపు జరుగుతాడు. రుషికొండ మీదుగా సూర్యుడు రావాలని ఫోటో ఊహించుకుని డిసెంబరులో వెళ్తే నిరాశే.

సూర్యాస్తమయం సముద్రంలో కనిపిస్తుందా?

కనిపించదు. తూర్పు తీరం కదా, సూర్యుడు కొండల వెనక్కి పోతాడు. సాయంత్రం బీచ్ రోడ్డు మీద సముద్రం వైపు తిరిగి అస్తమయం కోసం ఎదురుచూసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తుంటారు. అస్తమయం బాగుండేది పడమర తెరిపిగా ఉన్న ఎత్తుల నుంచి. రాస్ హిల్ మీదినుంచి లోపలి హార్బర్ క్రేన్ల మధ్యకు దిగుతుంది, పావురాలకొండ నుంచి భీమిలి వెనకున్న కొండల్లోకి దిగుతుంది. వేళ జూలై మొదట్లో 6.37 ప్రాంతం, నవంబరు చివర 5.20 ప్రాంతం. నవంబరులో ఐదు గంటలకు తీరిగ్గా బయలుదేరితే చీకట్లో ఎక్కాలి.

ఒకే ఒక్క చోటుకు వెళ్లే వీలుంటే ఎక్కడికి వెళ్లమంటారు?

రాస్ హిల్. వన్ టౌన్‌లో పాత పోస్టాఫీసు దగ్గర్నుంచి పైకి కనిపించే చర్చి కొండ అది. పక్కపక్కనే మూడు కొండలుంటాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, మరొకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. చర్చి కొండ పెద్ద ఎత్తేమీ కాదు. అయినా ఇక్కడ కనిపించేది ఊళ్లో ఇంకెక్కడా కనిపించదు. కాళ్ల కిందే ఓడలు వచ్చే కాలువ, దాని అవతల డాల్ఫిన్స్ నోస్ నిలువు గోడలా ఉంటుంది.

ఓడ వచ్చే వేళకు పైన ఉంటే కాసేపు ఆగి చూడండి. దూరాన లంగరేసిన ఓడల్లోంచి ఒకటి విడివడి మెల్లగా కాలువ మొగకు వస్తుంది. టగ్గులు ముందూ వెనకా పట్టుకుంటాయి. కాలువ సన్నం కాబట్టి ఓడ దానంతటది తిరగలేదు, టగ్గులే నెట్టుకుంటూ లాక్కుంటూ తీసుకుపోవాలి. ఓడ పైకట్టు మీద నడిచే మనుషులు కూడా కనిపించేంత దగ్గర. 1933లో జలదుర్గ అనే ఓడ మొదటిసారి లోపలి హార్బర్‌కు వచ్చిన దారి ఇదే. ఓడల రాకకు పోటు, పైలట్, బెర్తు ఖాళీ అన్నీ కలవాలి గనుక ఫలానా టైమని చెప్పలేం. గంటన్నర కూర్చునే ఓపికతో వెళ్లండి.

మధ్యాహ్నం మూడు దాటాక వెళ్తే ఎదుటి కొండ మీద వెలుగు పక్కనుంచి పడి రాతి పొరలు తేలతాయి. పైకి వెళ్లే దారి ఏటవాలు, ఇరుకు. కారుంటే కిందే పెట్టి నడవండి. ప్రార్థన జరుగుతున్నప్పుడు ఆవరణలో గట్టిగా మాట్లాడకూడదని వేరే చెప్పనక్కర్లేదు. డిసెంబరు 8 మేరీమాత పండుగ. ఆ రోజూ దాని ముందురోజులూ పేట పేటంతా కొండ మీదే ఉంటుంది కాబట్టి ప్రశాంతత కోరేవాళ్లు అప్పుడు వెళ్లొద్దు. ఇంకో ఇబ్బంది పోర్టు దుమ్ము. పడమటి గాలి తోలేరోజు కూర్చున్న పిట్టగోడ మీద చెయ్యి పెడితే నల్లగా అంటుతుంది.

కైలాసగిరికి అసలు వెళ్లొద్దంటారా?

వెళ్లండి, తెల్లవారుజామున వెళ్లండి. ఎత్తు సుమారు 170 మీటర్లు. బీచ్ రోడ్డు వైపు నుంచి మెట్లదారి ఉంది, మామూలుగా నడిచేవాళ్లకు అరగంట, ఆగి ఆగి ఎక్కేవాళ్లకు ముప్పావుగంట పడుతుంది. రోప్‌వే తీసేది పొద్దెక్కాక. దాన్ని నమ్ముకుంటే మీరు ఎక్కేసరికి టూరిస్టు బస్సులూ వచ్చేస్తాయి.

ఏ పూట ఎటు చూడాలన్నది చాలామంది పట్టించుకోరు. ఆర్‌కే బీచ్ వంపు, డాల్ఫిన్స్ నోస్ కైలాసగిరికి నైరుతిన ఉంటాయి. చలికాలం సాయంత్రం నాలుగింటికి సూర్యుడు సరిగ్గా అక్కడే ఉంటాడు కాబట్టి కళ్లు చెదరడం తప్ప ఏమీ కనిపించదు. అటువైపు పొద్దున్న ఏడు నుంచి తొమ్మిది లోపు చూడాలి. సాగర్ నగర్, రుషికొండ ఈశాన్యాన ఉంటాయి, అటు చూడటానికి సాయంత్రం మేలు. శివపార్వతుల విగ్రహాల దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. అక్కణ్నుంచి ఉత్తరపు అంచు దాకా నడిచే ఓపిక ఎక్కువమందికి ఉండదు. అది మీకు లాభం.

తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ మూడూ బౌద్ధ క్షేత్రాలే కదా, తేడా ఏమిటి?

భీమిలి రోడ్డు మీద ఊరు దాటాక వచ్చేవి తొట్లకొండ, బావికొండ. పావురాలకొండ భీమిలిలోనే ఉంది.

తొట్లకొండ సుమారు 128 మీటర్ల ఎత్తు. మంగమారిపేట దగ్గర బీచ్ రోడ్డు నుంచి పైకి ఘాట్ రోడ్డు. 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిగాయి. స్తూపం, విహారాల పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు చూడొచ్చు. కొండ కొస దాకా నడిస్తే కింద రోడ్డు, సరుగుడు తోటలు, దాని అవతల సముద్రం ఒకే చూపులో కనిపిస్తాయి. గేటుకు వేళలున్నాయి, సూర్యోదయానికి కుదరదు. మధ్యాహ్నం మూడున్నరకు వెళ్లి మూసేదాకా ఉండటం మంచి పద్ధతి. సెలవురోజుల్లో ప్రీవెడ్డింగ్ ఫోటోలవాళ్లు స్తూపం చుట్టూ తిరుగుతుంటారు. అలాంటప్పుడు విహారాల వైపు వెళ్తే సరిపోతుంది.

బావికొండ అంతకంటే లోపలికి ఉంటుంది. 1982–87 మధ్య తవ్వారు. సముద్రం కాస్త దూరంగా, కొండల సందుల్లోంచి కనిపిస్తుంది. కెమెరాకు తొట్లకొండ బాగుంటుంది, మౌనంగా కూర్చోవడానికి బావికొండ బాగుంటుంది. అందుకే ఇక్కడ జనం తక్కువ.

పావురాలకొండకు నరసింహస్వామి గుడి మీదుగా ఎక్కాలి. గుడి దాకా భక్తులు వస్తారు, ఆ పైన శిథిలాల దాకా వచ్చేవాళ్లు అరుదు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు పైనుంచి చూడాలంటే ఇదొక్కటే దారి. పోటు తగ్గినప్పుడు నదీముఖంలో ఇసుక తిన్నెలు బయటపడి నీళ్లు పాయలుగా విడిపోతాయి, పోటు మీదున్నప్పుడు అంతా ఒకే నీటి పరుపు. పోటుకూ, నీళ్లు వెనక్కి తగ్గే పాటుకూ నడుమ సుమారు ఆరు గంటల తేడా. పోటు వేళలు చూసుకుని, పాటుకు కాస్త ముందు పైకి చేరండి. నీళ్లు, టిఫిన్ భీమిలి బస్టాండు దగ్గరే తీసుకోవాలి.

మంగమారిపేట దగ్గర రాతి కమాను ఉందంటారు, ఎప్పుడు వెళ్లినా కనిపిస్తుందా?

పాటు సమయంలో వెళ్తేనే దాని దాకా నడిచే వీలుంటుంది. విశాఖలో పోటుపాట్ల తేడా పౌర్ణమి, అమావాస్యలప్పుడు ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూ ఉంటుంది. చూడ్డానికి చిన్న తేడాయే అయినా ఆ రాళ్ల దగ్గర పాదాలు తడవడానికీ నడుము దాకా మునగడానికీ మధ్యనున్న తేడా అదే. నాచు పట్టిన రాళ్ల మీద రబ్బరు చెప్పులు జారతాయి. కమాను మీదికి ఎక్కొద్దు.

డాల్ఫిన్స్ నోస్ పైకి వెళ్లనిస్తారా? యారాడ సంగతేమిటి?

డాల్ఫిన్స్ నోస్ నేవీ అధీనంలో ఉంది. లైట్‌హౌస్ చూడటానికి మధ్యాహ్నం తర్వాత కొద్దిసేపు అనుమతిస్తారు, నేవీ పనులుంటే అదీ ఉండదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు అసలుది దగ్గర పెట్టుకోండి. కెమెరా ఎక్కడ తీయకూడదని బోర్డుందో అక్కడ ఫోన్ కూడా తీయకండి. రేవు వైపు, ఓడల వైపు జూమ్ చేస్తూ కనిపిస్తే ఆపి అడుగుతారు, ఫోటోలు తీసేయమంటారు.

యారాడకు గాజువాక, సింధియా వైపు నుంచి వెళ్లాలి. బీచ్‌కు దిగేముందు ఘాట్ రోడ్డు మలుపుల్లోనే అసలు దృశ్యం ఉంది. మూడు వైపులా కొండ, నాలుగో వైపు ఇసుక, సముద్రం. చాలామంది బీచ్ టిక్కెట్టు తొందరలో ఆ మలుపుల్ని దాటేస్తారు. బండి మలుపు దాటాక నేరుగా ఉన్న చోట, రోడ్డు వారకు పూర్తిగా దించి ఆపండి. మలుపులో ఆపితే కిందనుంచి వచ్చే ఆటోకు మీరు కనిపించరు. దిగాక నీళ్లలోకి మాత్రం వెళ్లొద్దు. యారాడలో ఒడ్డు ఒక్కసారిగా లోతెక్కుతుంది, తిరిగే అల కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. ఈత వచ్చినవాళ్లూ పోయారు.

సింహాచలం కొండ నుంచి సముద్రం కనిపిస్తుందా?

గుడి దగ్గర్నుంచి కాదు. గుడి కొండల మధ్య గిన్నెలాంటి చోట ఉంది. మాధవధార వైపు పాత మెట్లదారిలో కొంత ఎక్కితే ఎన్ఏడీ కూడలి, విమానాశ్రయం, దూరాన హార్బర్, యారాడ కొండ కనిపిస్తాయి. వానాకాలంలో ధార పారుతూ దారంతా పచ్చగా ఉంటుంది, మెట్లు మాత్రం పాకుడు పట్టి ఉంటాయి. పొద్దున్న ఆరున్నర తర్వాత, నలుగురు కలిసి ఎక్కండి, సాయంత్రం ఐదులోపు దిగండి. ఆషాఢ పౌర్ణమి గిరి ప్రదక్షిణకు 32 కిలోమీటర్ల చుట్టూ లక్షల్లో జనం నడుస్తారు. ఆ రెండు రోజులూ ఆ వైపు రోడ్లేవీ మీవి కావు. చందనోత్సవం రోజు కూడా అంతే.

ఎర్రమట్టి దిబ్బల మీదికి ఎక్కి చూడొచ్చా?

అంచుల మీదికి ఎక్కొద్దు. అది రాయి కాదు, వేల ఏళ్లుగా గాలీ నీరూ పేర్చిన ఎర్ర ఇసుక. పైన గట్టిగా కనిపించే పెచ్చు కింద వదులుగా ఉంటుంది. ఒక మనిషి బరువుకే అంచు విరిగి పదడుగులు కిందికి జారుతుంది. మనిషికి దెబ్బ తగలడం ఒక ఎత్తయితే, అక్కడ మొదలైన గాడి తర్వాతి వానకు వాగవుతుంది. 2014లో భూవైజ్ఞానిక వారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి వచ్చింది. పైకెక్కకుండా లోపలి వాగు అడుగున నడిస్తేనే బాగుంటుంది. రెండు వైపులా ఎర్రగోడలు, పైన సన్నగా ఆకాశం. మధ్యాహ్నం నాలుగు తర్వాత రంగు చిక్కబడుతుంది. లోపల పాయలు ఒకేలా ఉండి దారి తప్పించేస్తాయి కాబట్టి వచ్చిన దారిని ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి.

పైనుంచి చూస్తే ఎప్పుడూ మసకగానే ఉంటుంది, ఎందుకు?

కారణాలు రెండు. ఊరు కైలాస, యారాడ కొండ వరుసల మధ్య పళ్లెంలా ఉంది. చలికాలం రాత్రి నేల చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా నిలబడుతుంది. ఫ్యాక్టరీల పొగ, వాహనాల పొగ, రేవు దుమ్ము ఆ మూత కిందే ఉండిపోతాయి. తొమ్మిది దాటి నేల వేడెక్కాక గానీ విడిపోవు. అందుకే డిసెంబరు ఉదయం సముద్రం వైపు స్పష్టంగానే ఉంటుంది, ఊరి వైపు తెల్లటి పొర కనిపిస్తుంది. రెండోది సముద్రపు తేమ. వేసవిలో పదకొండు తర్వాత సముద్రపు గాలి మొదలై ఉప్పు తేమను మోసుకొస్తుంది, అప్పుడు ఆకాశానికీ నీటికీ మధ్య గీత చెరిగిపోతుంది.

పెద్ద వాన కురిసి వెలిసిన మర్నాడు పొద్దున్న ఎక్కండి. ఏడాదిలో అంత స్పష్టంగా ఇంకెప్పుడూ కనిపించదు. 170 మీటర్ల ఎత్తు నుంచి లెక్క ప్రకారం దిగంతం సుమారు 46 కిలోమీటర్లు. ఇసుకలో నిలబడితే ఐదే.

వర్షాకాలంలో కొండెక్కడం ప్రమాదమా?

ఇక్కడి కొండల్లో ఎక్కువ భాగం ఖొండలైట్ రాయి. గాలికీ తేమకూ అరిగి ఎర్రగా, పొడిపొడిగా మారుతుంది. పైకి బండలా కనిపించే అంచు పిడికిలితో కొడితే రాలుతుంది. అందుకే రెయిలింగ్ లేని చోట అంచుకు కనీసం రెండు మీటర్లు వెనకే ఉండండి, వానపడిన మూడు నాలుగు రోజుల దాకా ఘాట్ రోడ్డు గోడవారన బండి ఆపకండి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం కబురుంటే కొండల జోలికే పోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కైలాసగిరి మీద చెట్లను ఎలా ఊడబెరికిందో ఊళ్లో అందరికీ గుర్తే. ఉరుములు వినిపిస్తే కొండ కొస మీద, ఒంటి చెట్టు కింద ఉండకుండా దిగిపోండి.

కంబాలకొండలో చిరుతలున్నాయా?

ఉన్నాయి. జాతీయ రహదారి పక్కనే ఉన్నా అది 70 చదరపు కిలోమీటర్లు దాటిన అభయారణ్యం. అటవీశాఖ టిక్కెట్టు తీసుకుని, వాళ్లు చూపించిన దారిలోనే, వీలైతే గైడ్‌తో నడవండి. ఇక్కడి ప్రశాంతత అడవి ప్రశాంతత, సముద్రం కోసమైతే ఇది మీ చోటు కాదు. చిరుతల కంటే ఎక్కువగా ఎదురయ్యేవి పాములు. ఎండుటాకుల్లో రక్తపింజర అసలు కనిపించదు. బూట్లు వేసుకోండి, కూర్చునే రాయి వెనక ముందు కర్రతో తట్టండి.

రాత్రి దీపాలు ఎక్కడినుంచి బాగుంటాయి?

మధురవాడ ఐటీ కొండల రోడ్ల నుంచి ఊరి దీపాలు, లంగరేసిన ఓడల దీపాల వరుస రెండూ కనిపిస్తాయి. కంపెనీ గేట్ల ముందు బండి ఆపితే సెక్యూరిటీ వాళ్లు కదిలిస్తారు, పబ్లిక్ రోడ్డు వారనే ఉండండి. దానికంటే పౌర్ణమి సాయంత్రం మేలు. ఆ రోజు అస్తమయానికి కాస్త అటూ ఇటూగా చంద్రుడు నీళ్లలోంచి ఎర్రగా లేస్తాడు. మర్నాడు సుమారు 50 నిమిషాలు ఆలస్యం. తెన్నేటి పార్కు నుంచి కూడా బాగా కనిపిస్తుంది, కొండెక్కే పనే లేదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఎక్కడికి తీసుకెళ్లాలి?

తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం దాటాక సీతకొండ మలుపు, కారులో అయితే తొట్లకొండ. మూడింట్లోనూ బండి దిగాక నడక తక్కువ. సీతకొండ దగ్గర రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త, అక్కడ బళ్లు వేగంగా వస్తాయి. వారం మధ్యలో పొద్దున్న ఏడింటికి వెళ్తే బెంచీలు ఖాళీగా ఉంటాయి.

బండి లేకపోతే?

రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే 900కె బస్సు ఈ వరుస మొత్తాన్ని కలుపుతుంది. సాగర్ నగర్, రుషికొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి. ఎక్కేటప్పుడే కండక్టరుకు దిగేచోటు చెప్పండి. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకుంటే సముద్రం మీ వైపుంటుంది. సింహాచలానికి 28 నంబరు. తొట్లకొండ మలుపులో దిగితే పైదాకా నడకే, ఎండలో అది చిన్న పని కాదు. యారాడకు ఆటో మాట్లాడుకుంటే రానూపోనూ, అక్కడ ఆగే సమయంతో కలిపి ముందే బేరం చేసుకోండి. అక్కడ తిరుగు ఆటో దొరకదు, దొరికినా వాళ్లు చెప్పిందే రేటు.

ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లొచ్చా?

ఉదయం ఆరు నుంచి తొమ్మిది మధ్య కైలాసగిరి మెట్లదారి, తెన్నేటి పార్కు, రాస్ హిల్ వాకింగ్‌కు వచ్చేవాళ్లతో సందడిగానే ఉంటాయి. బావికొండ, పావురాలకొండ పైభాగం, మాధవధార మెట్లు, ఎర్రమట్టి దిబ్బల లోపలి పాయలు ఒంటరిగా వద్దు. ఈ మాట మగవాళ్లకూ వర్తిస్తుంది. అక్కడ కాలు మెలికపడితే పిలిచినా పలికేవాళ్లుండరు, కొండ వెనకవైపు సిగ్నల్ కూడా అందదు.

డ్రోన్ ఎగరేయొచ్చా?

ఇక్కడ వద్దు. విమానాశ్రయం నేవీ స్థావరంతో కలిసే ఉంది, పోర్టు ఉంది, తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది. ఊళ్లో చాలాభాగం నిషేధిత ప్రాంతం కిందికి వస్తుంది. భీమిలి వైపైనా సరే డిజిటల్ స్కై (డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైట్) మ్యాపులో రంగు చూడకుండా పెట్టె తెరవకండి.

ఈ జాబితాలో లేని కొత్త చోటు ఎలా వెతకాలి?

మ్యాపులో టెర్రెయిన్ పొర వేసి, తీరానికి రెండు కిలోమీటర్లలోపు ఎత్తు గీతలు దగ్గరదగ్గరగా ఉన్న చోట్లు గుర్తించండి. గీతలు సముద్రం వైపు దగ్గరగా, ఊరి వైపు ఎడంగా ఉంటే అటు నిటారు, ఇటు వాలు అని అర్థం. చూపుకూ ఎక్కడానికీ అలాంటివే అనువు. తర్వాత శాటిలైట్ పొరలో దారి ఉందా, కంచె ఉందా, క్వారీ తవ్వకం ఉందా చూడండి. క్వారీ అంచు మ్యాపులో అద్భుతమైన వ్యూపాయింట్‌లా కనిపిస్తుంది, దగ్గరికెళ్తే కింద నిలువు గొయ్యి. ఆ పైన కింది పల్లెలో టీ కొట్టు దగ్గర ఒక మాట అడగండి: "పైకి ఎవరైనా వెళ్తారా?" పశువుల కాపర్లు వెళ్తున్నారంటే దారి ఉన్నట్టే. "అటు వెళ్లకండి బాబూ" అంటే కారణం ఎలుగుబంటి కావచ్చు, భూతగాదా కావచ్చు, మీరు మాత్రం వెళ్లొద్దు. మొదటిసారి పట్టపగలు వెళ్లి దిగేదారి చూసుకున్నాకే సూర్యోదయానికి ప్లాన్ చేయండి.

వెంట ఏం ఉండాలి?

మనిషికి లీటరు నీళ్లు, ఏప్రిల్, మే నెలల్లో రెండు. తలకు పెట్టుకునే టార్చి, టోపీ, పట్టున్న బూట్లు, కాగితం సంచి. కొండ మీద మధ్యాహ్నం గాలి గట్టిగా ఉంటుంది, ట్రైపాడ్ పెడితే కింద బరువు వేలాడదీయండి. ముంత మసాలా, బజ్జీలు కిందే తినేసి ఎక్కండి. పొట్లం పైన విప్పారా, కైలాసగిరి మీదైనా సింహాచలం దారిలోనైనా కోతులు మిమ్మల్ని తిననివ్వవు.